నాపరాయి మీద నీళ్లు

మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. నెల రోజులుగా పొద్దున తొమ్మిది కాగానే బండలు కోసే మిషను మొదలవుతుంది. మేస్త్రీ రాతి మీద నీళ్లు చల్లుకుంటూ కోస్తుంటే, తడిసిన రాతిపొడి వాసన గోడ దాటి, కిటికీ దాటి, మా వంటింట్లో ఉడుకుతున్న కందిపప్పు వాసనను కూడా పక్కకు తోసేసి లోపలికి వస్తుంది. నంద్యాలలో మా వీధివాళ్లంతా ఆ దుమ్మును తిట్టుకుంటూ తలుపులు మూసుకుంటారు. నేను మాత్రం కాసేపు మూయను. అది మా నాయన చొక్కా వాసన. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి, పెరట్లో తొట్టి దగ్గర నిలబడి, చెంబుతో నెత్తిన మొదటి నీళ్లు పోసుకున్నప్పుడు ఒంటి మీది తెల్లటి పొడి తడిసి వచ్చే వాసన సరిగ్గా ఇదే.

మాది ఆళ్లగడ్డ. నా చిన్నప్పుడు అక్కడ రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు వరసగా ఉండేవి. వాటికి గోడలు లేవు, తలుపులు లేవు. నాలుగు స్తంభాలు, పైన రేకులు, కింద మోకాటిలోతు రాతి పెళ్లలు. పొద్దున్నించి పొద్దుగూకే దాకా పదిమంది ఉలుల చప్పుడు ఒకదాని మీద ఒకటి పడి, వాన కురిసినట్టే వినిపించేది. సగం చెక్కిన నందులు, చేతులు ఇంకా రాతిలోనే ఉన్న అమ్మవార్లు, పడగ మాత్రమే లేచిన నాగేంద్రులు ఎండలో కూర్చుని ఉంటే, బడికి పోతూ మేము వాటి మధ్య నుంచి అడ్డదారి పట్టేవాళ్లం. మా నాయన దానియేలు శిల్పి కాదు. శిల్పులకు రాయి అందించే మనిషి. లారీలో వచ్చిన నల్లరాయిని గడ్డపారతో, ఇనుప గొలుసులతో, దుంగల మీద దొర్లించి షెడ్డులోకి తెచ్చేవాడు, అక్కర్లేని మందమంతా పెద్ద సుత్తెతో కొట్టి పడేసేవాడు. ముఖం మొదలయ్యే దాకా రాయి మా నాయనది, ఆ తర్వాత షెడ్డు యజమాని, పెద్ద శిల్పి అయిన ఆచారిది. ఆదివారం మా వీధి చివరి చర్చిలో చాప మీద కూర్చుని పాటలు పాడే మనిషి, సోమవారం నుంచి శనివారం దాకా దేవుళ్లకు భుజాలు, నడుములు దిద్దేవాడు. దానిలో ఆచారికి గానీ, మా పాస్టరుకు గానీ, మా నాయనకు గానీ వింతేమీ కనిపించలేదు.

ఆయన తెచ్చే రాతి పెళ్లలే మా ఆటవస్తువులు. నున్నగా గుండ్రంగా ఉన్నవి అయిదు ఏరుకుంటే అచ్చనగండ్లు, పలుచగా ఉన్నది దొరికితే తొక్కుడుబిళ్ల. వీధిలో బొగ్గుతో గళ్లు గీసి, నేనూ ఎదురింటి కరుణా ఒంటికాలి మీద గెంతుతూ, గీత తొక్కావంటే తొక్కలేదని పోట్లాడుకుంటూ పొద్దుపుచ్చేవాళ్లం. ఎండాకాలం మా మిద్దె ఇంటి లోపల నాపరాళ్ల నేల మీద బోర్లా పడుకుంటే పొట్టకు చల్లగా తగిలేది. వానలు మొదలైతే మా అమ్మ రూతమ్మ నాట్లకు పోయి, కాళ్లకు నల్లరేగడి బురదతో వచ్చేది. చలికాలం పత్తి తీయడానికి పోయి, చీర కుచ్చిళ్లకు పత్తి పోగులు అంటించుకుని వచ్చేది. పొద్దున సంగటి, ఊరుబిండి పచ్చడి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర. ఎప్పుడైనా నాయన బస్టాండు దగ్గర నుంచి కాగితంలో పొట్లం కట్టించుకొచ్చే ఉగ్గాని, బజ్జీ. ఇంతకన్నా మంచి తిండి లోకంలో ఉంటుందని నాకు తెలియదు.

నాకు పదేళ్లున్నప్పుడు, వానాకాలంలో, తడిసిన దుంగ మీద నుంచి ఒక రాయి జారింది. నాయన పక్కకు దూకాడు గానీ ఎడమకాలు వెనకబడింది. నేను బడిలో ఉన్నాను. వచ్చేసరికి ఇంటికి తాళం. శెట్టి అంగడి ముందు నలుగురు ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేశారు. మా నాయనను జీపులో నంద్యాల తీసుకుపోయారనీ, ఎడమ తొంటి విరిగిందనీ శెట్టే చెప్పాడు. నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి, సాయంత్రం దాకా అంగట్లోనే బస్తా మీద కూర్చోబెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఎముకకు స్టీలు పట్టీ వేసి మరలు బిగించారు. నెలన్నర అమ్మా నాయనా నంద్యాలలోనే ఉన్నారు. అమ్మ మంచం కింద పడుకునేది. నేను వారమంతా కరుణ వాళ్లింట్లో ఉండి, శని ఆదివారాలు వాళ్ల నాయనతో కలిసి బస్సులో వచ్చేదాన్ని. సిరివెళ్ల దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి పచ్చగా ఉండేది, కిటికీ పక్క సీటు కోసం నేను పోట్లాడేదాన్ని. ఆసుపత్రి గేటు కనబడగానే ఆ సంతోషానికి సిగ్గుపడేదాన్ని.

అక్కడే నేను మొదటిసారి వాకరును చూశాను. అల్యూమినియం గొట్టాలతో చేసిన నాలుగు కాళ్ల చట్రం. ఒక్కో కాలికి నల్లటి రబ్బరు తొడుగు, పైన చేతులకు పట్టు. దాన్ని నేర్పడానికి షాహీన్ మేడమ్ అనే ఆమె వచ్చేది. సన్నగా, పొడుగ్గా, తలమీద తెల్లటి దుపట్టాతో, గొంతు మాత్రం సంతలో కూరగాయలమ్మే మనిషిలాగా గట్టిగా ఉండేది. మొదటి రోజు మా నాయనను మంచం అంచున కూర్చోబెట్టి వాకరు ముందర పెట్టగానే, ఆయన దాని రెండు పట్టులూ దొరకబుచ్చుకుని ఒక్క ఊపున లేవబోయాడు. వాకరు ముందుకాళ్లు గాలిలోకి లేచాయి. మేడమ్ ఆయన నడుముకు కట్టిన గుడ్డ పట్టి వెనక్కి లాగకపోతే పడేవాడే.

"అన్నా, అది నిన్ను లేపదు. నువ్వే లేయాల. మంచాన్ని నొక్కి లెయ్యి, నిలబడినాంక దాన్ని పట్టుకో" అంది.

నాయన మళ్లీ మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాడు. ఆయన భయపడటం నేనంతకుముందు చూడలేదు. ఒంటిచేత్తో గడ్డపార తిప్పే మనిషి, ఆ పలుచని గొట్టాలను చూసి నుదుట చెమట పట్టి కూర్చున్నాడు.

"రాయి జారితే యాడికి పోతాదో నాకు తెలుసు మేడమ్. ఈ కాలు జారితే యాడికి పోతాదో తెల్దు" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "పాపా, ఈడికి రా. మీ యమ్మ పనికి పోతాది. ఇంటికాడ నువ్వే చూసుకోవాల. నేర్చుకో" అంది.

అలా నేను నేర్చుకున్నాను. చేతులు కిందికి వదిలి నిలబడితే వాకరు పట్టు మణికట్టు దగ్గరికి రావాలి. అంతకన్నా ఎత్తయితే భుజాలు లేస్తాయి, పొట్టిదైతే నడుము వంగిపోతుంది. ముందు వాకరు జరపాలి, జానెడు కన్నా ఎక్కువ కాదు. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయని చూసుకోవాలి. తర్వాత దెబ్బ తగిలిన కాలు, దాని కింద కోడిగుడ్డు ఉందనుకుని ఆనీ ఆనకుండా. బరువంతా చేతుల మీద వేసి, ఆ తర్వాత మంచికాలు. తిరగాలంటే ఒంటిని మెలిపెట్టకూడదు, చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలి. కూర్చోవాలంటే మంచం పట్టె మోకాళ్ల వెనక తగిలే దాకా వెనక్కి నడిచి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి, మెల్లగా. చేతిలో ఏ వస్తువూ పట్టుకోకూడదు. నేల మీద చాప ఉండకూడదు, గోనెసంచి ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా నీళ్లు ఉండకూడదు. ఇవన్నీ నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది మేడమ్, ఎక్కాలలాగా. ఆ చివరిదాన్ని మూడోసారి కూడా చెప్పమంది.

"మీ ఇల్లు బండల నేలా, మట్టి నేలా?" అని అడిగింది.

"నాపరాళ్లు" అన్నాను.

"తడిసినాయంటే సబ్బు మాదిరి ఉంటాయి. గుర్తు పెట్టుకో."

మేము ఇంటికి వచ్చేసరికి మిరప చేలు ఎర్రబడటం మొదలైంది. మా నులకమంచం మరీ కిందికి ఉందని తెలిసి, ఆచారి నాలుగు రాతి దిమ్మెలు చేయించి పంపాడు. మంచం కాళ్లు సరిగ్గా కూర్చునేలా వాటి మధ్యలో గుంటలు. అమ్మ తన పాత చీర కొంగుతో ఒక సంచి కుట్టి వాకరు ముందర కట్టింది, దానిలో నాయన తువ్వాలు, కొత్త నిబంధన పుస్తకం, వక్కాకు పొట్లం. మిద్దెలో ఉన్నవి రెండే గదులు. మొదటి వారం ఆ మంచం నుంచి వీధి గడప దాకా పోయి రావడమే మా ప్రయాణం. బడి నుంచి రాగానే పలకసంచి పడేసి, నేను నాయన ఎడమపక్క కొంచెం వెనకగా నిలబడేదాన్ని, మేడమ్ చెప్పినట్టు ఒక చెయ్యి ఆయన నడుము గుడ్డ మీద పెట్టి. పదేళ్ల పిల్ల ఆయనను ఆపగలదా అని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన కూడా అనుకున్నట్టు కనిపించలేదు.

"వాకరు" అనేదాన్ని. టక్ మని నాలుగు కాళ్లూ ఆనేవి. "దెబ్బకాలు." "మంచికాలు."

ఒకరోజు నాయన మంచికాలి మీద గెంతి ఆగి, రొప్పుతూ, "నీ తొక్కుడుబిళ్లే గదా పాపా ఇది. గీత తొక్కినానా?" అన్నాడు.

"తొక్కలా" అన్నాను.

గడప దాటాక వీధి. వీధిలో మొదట కుళాయి, తర్వాత కరుణ వాళ్ల అరుగు, ఆ తర్వాత శెట్టి అంగడి, ఆ చివర చర్చి. వారానికి ఒకటి చొప్పున అవి మాకు దగ్గరయ్యాయి, చర్చి ఒక్కటే మిగిలింది. మేము వచ్చే వేళకు శెట్టి అంగడి బయట ఒక ఎత్తు స్టూలు వేసి ఉంచేవాడు. "దానియేలూ, కూసోని పో" అనేవాడు, వేరే ఏమీ అడిగేవాడు కాదు. నాయన వెనక్కి నడిచి, స్టూలు అంచు తగిలాక చెయ్యి వెనక్కి పెట్టి, మేడమ్ చెప్పినట్టే కూర్చునేవాడు. అప్పటికి ఆయన చేతులు నేర్చుకున్నాయి, భుజాలు నేర్చుకున్నాయి. ముఖంలో మళ్లీ రంగు వచ్చింది. మూడో నెల చూపించుకోవడానికి నంద్యాల పోతే, షాహీన్ మేడమ్ ఆయనను వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, మిగతా రోగులను పిలిచి, "ఈయన్ని సూడండి, ఇట్ల నడవాల" అంది. క్రిస్మస్ తర్వాత వస్తే ఎక్స్‌రే తీసి, కాలి మీద బరువు వేయనిస్తామన్నారు. బస్సులో తిరిగివస్తూ నాయన అమ్మతో, "క్రిస్మస్‌కు చర్చికి నడిసిపోతా. ఎవరూ మోయొద్దు" అన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆమె అలా చూసిందంటే ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుసు.

క్రిస్మస్ వారంలో మా వీధి వీధంతా సున్నం వాసన వచ్చేది. ప్రతి ఇంట్లో కజ్జికాయలు, నిప్పట్లు, కారాలు చేసి డబ్బాల్లో పోసేవాళ్లు. పిల్లలం వెదురుబద్దలతో నక్షత్రాలు కట్టి రంగు కాగితాలు అంటించేవాళ్లం. ఆ ఏడు అమ్మ కూలి పని మానకుండానే, ఒక ఆదివారం కూర్చుని కజ్జికాయలు చేసి, ఇంకో ఆదివారం ఇంటికి సున్నం కొట్టింది. గోడలు తెల్లగా అయ్యాయి గానీ, నాపరాళ్ల నిండా సున్నం చుక్కలు పడ్డాయి. "నేను వచ్చినాంక ఇద్దరం కలిసి కడుగుదాం. నువ్వు ఒక్కదానివే నీళ్లు పోయొద్దు" అని రెండుసార్లు చెప్పి పత్తికి పోయింది.

క్రిస్మస్‌కు ఇంకా మూడు రోజులున్నాయి. అరపూట బడి. నేను మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నాయన లోపలి గదిలో నిద్రపోతున్నాడు. ఆ సున్నం చుక్కలు చూశాను. అమ్మ వచ్చేసరికి నేల అద్దంలాగా ఉంటే ఆమె ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. అంతే, నాలో వేరే ఏ చెడ్డ ఆలోచనా లేదు. తొట్టిలోంచి నాలుగు బిందెల నీళ్లు తెచ్చి పోశాను, రాతి పెళ్లతో చుక్కలన్నీ గీకాను, చీపురుతో నీళ్లను వీధిలోకి తోశాను. లోపలి గది గుమ్మం దగ్గర ఒక బండ, ఏళ్ల తరబడి అందరి కాళ్లూ పడి అరిగి పళ్లెంలాగా గుంటపడి ఉండేది. దానిలో నీళ్లు నిలిచాయి. కనిపించాయి నాకు. గుడ్డ తెచ్చి తుడుద్దామని లేచేసరికి వీధిలోంచి కరుణ పిలిచింది, మైదా గంజి గట్టిపడిపోతోందని, నక్షత్రానికి కాగితం పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలని. ఇప్పుడే వచ్చేస్తాను కదా అనుకున్నాను. నాయన నిద్రపోతున్నాడు కదా అనుకున్నాను.

నక్షత్రానికి అయిదు కొనలుంటాయి. నేను మూడో కొన దాకా ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి నాయన గుమ్మంలో అడ్డంగా పడి ఉన్నాడు. వాకరు ముందుకు జారి పక్కకు ఒరిగింది. ఆయన అన్నీ సరిగ్గానే చేశాడు. మంచాన్ని నొక్కి లేచాడు, వాకరు ముందు జరిపాడు, నాలుగు కాళ్లూ ఆనించాడు. ఆనిన చోట నీళ్లున్నాయి. ఎడమకాలు నేను ఎప్పుడూ చూడని వైపుకు తిరిగి ఉంది. ముఖం సున్నం రంగులోకి వచ్చింది. అరవలేదు. నన్ను చూసి, తర్వాత తడినేలను చూసి, మళ్లీ నన్ను చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది.

"మీ యమ్మ వచ్చిందా?" అన్నాడు.

"ఇంకా రాలా."

"గుడ్డ తీసుకో. తుడుచు."

నాకు అర్థం కాలేదు. ఎవరినైనా పిలుస్తానని ఏడుస్తూ బయటికి పోబోయాను.

"పిల్చద్దు. ముందు తుడుచు, బేగా. ఒక్క చుక్క ఉండగూడదు. వాకరు తీస్కపోయి ఆ గోడకాడ పెట్టు. నేనే వాకరు లేకుండా నడిసినా. ఇన్నావా? నువ్వు నీళ్లు పోయలా. నేనే నడిసినా."

నేను తుడిచాను. ముందు అమ్మ పాత చీర గుడ్డతో, అది తడిసిపోతే దుప్పటితో, ఆ తర్వాత నా పావడాతో. ఆయన పడి ఉన్న చోటు చుట్టూ మోకాళ్ల మీద తిరుగుతూ తుడిచాను. ఆయన చెయ్యి కింద తుడవాలంటే ఆయనే చెయ్యి కొంచెం ఎత్తాడు, ఆ కొంచెం ఎత్తినందుకే పళ్లు బిగించాడు. గుంటబండను అరచేత్తో తడిమి తడిమి చూశాను. వాకరు రబ్బర్లు కూడా తుడిచి గోడకు ఆనించాను. తడిగుడ్డలు పెరట్లో తొట్టి వెనక కుక్కాను. కానీ ఆయన పంచె తడిసి ఉంది, దాన్ని తీయడానికి వీల్లేదు. నేను దాని వైపు చూస్తుంటే ఆయనే అన్నాడు:

"ఉచ్చ పోసుకున్నా అని చెప్తా. పో, ఇప్పుడు శెట్టిని పిల్చకరా."

శెట్టి, ఇంకో నలుగురు వచ్చి ఆయనను తలుపు రెక్క మీద ఎత్తారు. పంచె ఏందని ఎవరో అడిగితే, మా నాయన ఆ మాట అందరి ముందూ చెప్పాడు. వాళ్లు తల తిప్పుకున్నారు. అమ్మ చేను నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి ఇంటి ముందు ఆటో నిలబడి ఉంది. ఆమె ముందు లోపలికి పోయింది. కొంచెంసేపు ఉంది. బయటికి వచ్చి ఆటోలో ఉన్న నాయన ముఖం మీదికి వంగి అంది:

"మూడు రోజులు ఆగల్యాకపోతివా? పొగరు చూపియ్యాల్సి వచ్చెనా నీకు?"

"తప్పయిపాయ రూతూ" అన్నాడు నాయన.

ఆ క్రిస్మస్ నంద్యాల ఆసుపత్రి వరండాలో గడిచింది. కజ్జికాయల డబ్బా మంచం కింద ఉండిపోయి, ఎవరూ తెరవక, చివరకు చీమలు పట్టింది. మరలు ఎముకలోంచి ఊడి వచ్చేశాయని డాక్టరు చెప్పాడు. మళ్లీ ఆపరేషన్ చేశారు. ఈసారి లోపల చీము పట్టింది, మళ్లీ తెరిచారు, మరలన్నీ తీసేశారు. షాహీన్ మేడమ్ ఒకరోజు మంచం దగ్గరికి వచ్చింది. "ఎంత బాగా నేర్చుకున్న మనిషివన్నా. వాకరు లేకుండా నడుస్తారా ఎవరన్నా?" అంది. నాయన తప్పు చేసిన పిల్లవాడిలాగా తల దించుకున్నాడు. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు లేవా పాపా ఆడ?" అంది. "లేను" అన్నాను. అది ఒక్కటే నేను చెప్పిన నిజం.

ఆ ఎండాకాలంలో మళ్లీ ప్రయత్నించాడు. కాలు నాలుగు వేళ్లంత పొట్టిదైంది, తొంటి కదలదు. నేను పక్కన నిలబడి, "వాకరు" అన్నాను. వాకరు జరిగింది. "దెబ్బకాలు" అన్నాను. ఆయన చాలాసేపు కాలి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కూర్చోబెట్టమన్నాడు. ఇంకో మూడు నాలుగు సార్లు అలాగే జరిగింది. మిరప కాయలు మళ్లీ ఎర్రబడేసరికి వాకరు మీద అమ్మ ఉతికిన పంచెలు ఆరేయడం మొదలుపెట్టింది.

తొమ్మిదేళ్లు మంచం మీద ఉన్నాడు. అమ్మ ఆయనకు ఏ లోటూ చేయలేదు. పొద్దున పనికి పోయేముందు ఒళ్లు తుడిచి, పుండ్లకు మందు రాసి, సంగటి ముద్ద చేతికందేలా పెట్టి పోయేది. అన్నీ చేస్తూ, చేసినంతసేపూ తిట్టేది. చెప్తే ఇనవు, మేడమ్ చెప్తే ఇనవు, పాప చెప్తే ఇనవు, నీ పొగరే నిన్ను ఈడ పడేసింది. ప్రతి రోజూ అవే మాటలు. నాయన వింటూ పైకప్పు దూలాలు చూసేవాడు. నేను పక్కగదిలో లెక్కలు చేసుకునేదాన్ని. ఒక్కోసారి చెప్పేద్దామని లేచి గుమ్మం దాకా వచ్చేదాన్ని, ఆ గుంటబండ మీద కాలు పడగానే ఆగిపోయేదాన్ని.

పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆయన మంచం పట్టె మీద కూర్చుని, "నాయనా, అమ్మకు చెప్పేస్తా" అన్నాను. దేని గురించో ఆయన అడగలేదు.

"చెప్తే ఏమొస్తాది? కాలొస్తాదా?"

"రోజూ నిన్ను తిడతాంది."

"నా మింద కోపం ఆమెకు అలవాటే. పెండ్లయిన కాడ్నించి ఉండేదే. నీ మింద కోపమొస్తే యాడ పెట్టుకుంటాది?" అన్నాడు. ఆ వెంటనే చెయ్యి చాపి, "వక్కాకు ఇయ్యి" అన్నాడు. దాని గురించి మేము మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా పోయాడు. ఆచారి ఒక రాయి పంపాడు, సమాధికి. దాని మీద సిలువ ఆయనే స్వయంగా చెక్కాడట. మట్టి వేసేటప్పుడు అమ్మ ఏడవలేదు. "ఇని ఉంటే బతికిపోయేటోడు" అంది.

ఇప్పుడు నేను నంద్యాలలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. పోయిన వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమవైపు బలం తగ్గింది. నెల తర్వాత డాక్టరు వాకరు రాసిచ్చాడు. నేర్పడానికి ఎవరినీ పిలవలేదు నేను. పాతికేళ్లయినా ఒక్క ముక్క మరిచిపోలేదు. పట్టు మణికట్టు దగ్గరికి వచ్చేలా మీట నొక్కి ఎత్తు సరిచేశాను, నేల మీది పట్టాలన్నీ తీసేశాను, మంచాన్ని నొక్కి లేవమన్నాను. అమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. వంటింటి దాకా పోయి వచ్చి, వెనక్కి నడిచి, పట్టె తగిలాక మెల్లగా కూర్చుంది. ముఖం గెలిచినట్టుగా ఉంది.

"సూసినావా? నేను మీ నాయన మాదిరి కాదు. చెప్తే ఇంటా" అంది.

అప్పుడు చెప్పాను. ఆమె ముందర నేల మీద కూర్చుని, సున్నం చుక్కల దగ్గర నుంచి మొదలుపెట్టి, నాలుగు బిందెలు, గుంటబండ, కరుణ పిలుపు, పావడాతో తుడవడం, పంచె, అన్నీ చెప్పాను. అంతా అయ్యాక అమ్మ, బలం తగ్గిన ఎడమచేతిని కుడిచేత్తో ఒళ్లో పెట్టుకుని, నా వైపు జాలిగా చూసింది.

"సచ్చిపోయినోన్ని ఎనకేసుకొస్తాండావా?" అంది.

"లేదమ్మా. నిజం."

"నాకు తెల్దా? నేను ఆ పొద్దు ఇంట్లేకి పోయి చూసినా. నీళ్లేమన్నా పోసినావేమో అని నాకూ అనుమానమొచ్చె. వాకరు గోడకాడ ఉన్యాది. నేల ఎండి ఉన్యాది. సున్నం చుక్కలు పొడిగానే గీకినావనుకుంటి. ఆ గుంటలో నేనే చెయ్యి పెట్టి సూసినా పాపా. ఒక్క చుక్క తడి లేదు." నా తల మీద చెయ్యి వేసింది. "నీకు మీ నాయనంటే పానం. ఆయన తప్పు నీ నెత్తిన ఏసుకోవద్దు."

ఇంకెవరిని పిలిచి చెప్పించాలి? శెట్టి అంగడి మూతపడి ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. కరుణ పెళ్లయి సున్నిపెంట పోయింది, ఆమెకు నక్షత్రం గుర్తుందో లేదో. షాహీన్ మేడమ్ ఎక్కడుందో తెలియదు. ఆచారి లేడు; ఆయన షెడ్డులో ఇప్పుడు మిషన్లు తిరుగుతున్నాయి, రోడ్డు మీద పోతుంటే ఉలుల వాన వినిపించదు. ఆ మిద్దెను కొన్నవాళ్లు పడగొట్టి స్లాబు వేసుకున్నారు. నాపరాళ్లు పెళ్లగించి ఎవరికో ఇచ్చేశారట. మా నాయన ఆళ్లగడ్డ మట్టిలో ఉన్నాడు, మొండివాడనే పేరుతో.

"మళ్లీ లేస్తా. చెప్పు" అంది అమ్మ, చేతులు పట్టె మీద ఆనించి. నేను లేచి ఆమె ఎడమపక్క కొంచెం వెనకగా నిలబడ్డాను. ఆమె చెయ్యి పెట్టి చూసిన ఆ నేల ఎండి ఉంది; పదేళ్ల పిల్ల తుడిస్తే అంత ఎండిపోతుందని ఆమె ఎలా నమ్ముతుంది? అంత బాగా తుడిచాను నేను.